మధ్యాహ్నంలో ‘న’, అపరాహ్ణంలో ‘ణ’ ఎందుకు?

రెండింటిలోనూ ఉన్నది పగలు అనే అర్థమిచ్చే సంస్కృత ‘అహన్’ శబ్దమే. సమాసంలో అది ‘అహ్న’ అవుతుంది: మధ్య + అహ్న, అంటే పగటి నడుమ. అకారాంతమైన (‘అ’తో ముగిసే) ముందు పదంలో రేఫ, అంటే ‘ర’, ఉంటే ‘న’ కాస్తా ‘ణ’ అవుతుంది. అందుకే పూర్వాహ్ణం, అపరాహ్ణం. మధ్య, సాయ మాటల్లో రేఫ లేదు కాబట్టి మధ్యాహ్నం, సాయాహ్నం.

రాసేటప్పుడు హకారం కింద నావత్తు పెట్టాలి. పలుకులో నకారం ముందు వినబడటంతో చాలామంది ‘మధ్యాన్హం’ అని రాసేస్తారు, అది తప్పు. ‘ధ్య’కి ఒత్తు మరిచిపోతే మద్యం వచ్చి చేరుతుంది.

మిట్ట మధ్యాహ్నంలోని ‘మిట్ట’ అచ్చతెలుగు, ఎత్తు అని అర్థం. పొద్దు నడినెత్తికెక్కే ఆ వేళ గడియారంలో సరిగ్గా 12కి రాదు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, కాబట్టి హైదరాబాదులో అది సగటున 12:16కి వస్తుంది.