డీజే అవుతానంటే నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్ళుగా హిప్-హాప్ డీజేయింగ్ నేర్చుకుంటున్నాను. రికార్డులు తిప్పే పాత టర్న్‌టేబుల్ ఒకటి, పాటలు కలిపే చిన్న మిక్సర్ ఉన్నాయి. స్క్రాచింగ్, అంటే రికార్డును చేత్తో అటూ ఇటూ కదిపి శబ్దం తీయడం, బాగా వచ్చు. ఉద్యోగం మానేసి, అప్పు చేసి కొత్త టర్న్‌టేబుళ్ళు రెండు, పోటీల్లో వాడే బ్యాటిల్ మిక్సర్ కొని పూర్తిగా ఇందులోకి దిగుతానన్నాను. అప్పట్నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. రాత్రిపూట తాగేవాళ్ళ మధ్య నీకేం పనని అమ్మ ఏడుస్తోంది. పక్క గదిలో చదువుకునే చెల్లితో చప్పుడు గురించి రోజూ గొడవే. ఇవి చాలవన్నట్టు ఈమధ్య స్నేహితుడి పార్టీలో ప్లే చేస్తే పది నిమిషాల్లో అందరూ వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. అసలు నాకిది రాదేమోనని భయం పట్టుకుంది. పార్టీ అయ్యాక మర్నాడు మధ్యాహ్నం దాకా చెవుల్లో కుయ్‌మంటూనే ఉంటుంది, అది పెద్ద విషయం కాదనుకోండి. నాన్నను ఎలా ఒప్పించాలి?

జవాబు: పెద్ద విషయం కాదంటూ మీరు చివర్లో తోసేసిన దానితోనే మొదలుపెట్టాలి. మీ ఉత్తరంలో ఆలస్యం చేయకూడనిది అదొక్కటే. నాన్నగారి కోపం ఆరు నెలలు ఆగినా తీరుతుంది. లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే తిరిగి మొలవవు. వృత్తి ఆరోగ్యంపై పనిచేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. స్పీకర్ పక్కన నిలబడే డీజేకు 100 దాటడం మామూలే. కాబట్టి ఈ నెలలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకుని ఆ కాగితం దాచుకోండి. రెండేళ్ళ తరవాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. దూది కాదు, సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. 15 డెసిబెల్స్ తగ్గించేవి చాలు. దూది పైస్థాయి స్వరాలనే మింగేసి పాటను మొద్దుగా వినిపిస్తుంది. ఫిల్టర్ ప్లగ్ అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తుంది, అందుకే అది పెట్టుకుని కూడా మిక్స్ చేయగలరు. హెడ్‌ఫోన్ శబ్దం పెంచుకుంటూ పోతున్నారంటే తప్పు బూత్ మానిటర్‌ది, అంటే డీజే వినడానికి పక్కన పెట్టే స్పీకర్‌ది. ముందు దాన్ని తగ్గించండి. ఈసారి ఆ రొద రెండు రోజులైనా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే ఆ రోజే వెళ్ళాలి.

ఇక ఖాళీ అయిన డ్యాన్స్ ఫ్లోర్ సంగతి. మీరు చెప్పిందాన్ని బట్టి చూస్తే పోటీకి తయారైన మనిషి పార్టీకి వెళ్ళినట్టుంది. 1985లో మొదలైన డీఎంసీ ప్రపంచ డీజే పోటీల్లాంటి చోట్ల ఆరు నిమిషాల్లో చేతిలో ఉన్న విద్యంతా చూపించాలి. చూసేవాళ్ళలో చాలామంది డీజేలే, ఏ వేలు ఎటు కదిలిందో వాళ్ళకు తెలుసు. పార్టీలో వాళ్ళు పాడుకుంటున్న లైను మీద మీరు స్క్రాచ్ వేస్తే కాలికి లెక్క తప్పుతుంది. ఒకసారి తప్పితే నవ్వుకుంటారు, మూడుసార్లు తప్పితే వెళ్ళి కూర్చుంటారు. పార్టీలో స్క్రాచ్‌కు చోటు కొత్త పాట రాబోయే ముందు నాలుగు బార్లు (ఒక బారంటే నాలుగు బీట్లు), మహా అయితే ఎనిమిది. మాట మొదలయ్యే వేళకు చెయ్యి తీసేయాలి. ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లేర్, క్రాబ్ లాంటి కష్టమైన స్క్రాచ్‌లన్నీ వచ్చినా అక్కడ అన్నిటికంటే తేలికైన బేబీ స్క్రాచ్ రెండుసార్లు లయలో పడితే చాలు.

మరో కారణం కూడా ఉండొచ్చు, స్క్రాచర్లలో ఇది తరచూ కనిపిస్తుంది: ఒక పాట నుంచి ఇంకో పాటకు మారే తీరు. రెండు పాటలను ఒకదానిమీద ఒకటి నిమిషాల తరబడి కలపడం హౌస్ అనే డ్యాన్స్ సంగీతానికి సరిపోతుంది. రాప్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినేవాడికి ఎవరి మాటా అందదు. సాధారణంగా వెర్స్ (చరణం) 16 బార్లు, హుక్ (మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి) 8 బార్లు ఉంటుంది. 90 బీపీఎంలో, అంటే నిమిషానికి 90 బీట్ల వేగంలో, 16 బార్లంటే సుమారు 43 సెకన్లు, 8 బార్లంటే 21 సెకన్లు. ఒక వెర్సూ ఒక హుక్కూ వేసి, హుక్ అయిపోయిన చోటే తరవాతి పాట మొదటి బీటుతో కోయాలి. అంటే పాటకు నిమిషం, నిమిషంన్నర. గంటకు నలభై పాటలు లేచిపోతాయి, రెండు గంటల సెట్‌కు (డీజే ఆగకుండా ప్లే చేసే వంతుకు) రెండు వందలైనా వెంట ఉండాలి. వాటిలో సగం ఆ రాత్రి బయటికే రావు, అయినా ఉండాలి. ప్రతి పాటలోనూ మొదటి బీటు, మాట మొదలయ్యే చోటు, హుక్, ఉత్త డ్రమ్స్ వచ్చే బ్రేక్, ఈ నాలుగింటికీ ముందే హాట్ క్యూ (ఒక్క మీట నొక్కితే ఆ చోటికి వెళ్ళే గుర్తు) పెట్టి ఉంచుకోండి.

టెంపో దగ్గర కూడా ఫ్లోర్ ఖాళీ అవుతుంది. బూమ్-బ్యాప్ అనే పాత తరహా రాప్ ఎక్కువగా 85 నుంచి 95 మధ్య నడుస్తుంది. ట్రాప్ అనే కొత్త తరహా 130 నుంచి 150, లేదా రెండు బీట్లను ఒకటిగా లెక్కిస్తే 65 నుంచి 75. మామూలు టర్న్‌టేబుల్ మీద వేగం మార్చే మీట, పిచ్ ఫేడర్, అటూ ఇటూ 8 శాతమే జరుగుతుంది. 92ను ఎంత నెట్టినా 99 దగ్గర ఆగుతుంది. పైగా 6 శాతం పెంచితే స్వరం దాదాపు అర మెట్టు ఎక్కి గాయకుడి గొంతు సన్నబడుతుంది. కీ లాక్ వేస్తే స్వరం నిలబడుతుంది కానీ, ఎక్కువ లాగితే డ్రమ్ చప్పుడు చిట్లుతుంది. కాబట్టి 92 నుంచి 140కి లాక్కెళ్ళే ప్రయత్నం మానేయండి. హుక్ ఆఖరి మాట మీద ఎకో వేసి, ఒక్క బీటు నిశ్శబ్దం ఇచ్చి, కొత్త పాటను దాని గట్టి చోటునుంచి వదిలేయండి. లేదంటే ఏ బీటూ లేని, ఉత్త గొంతే ఉన్న అకపెల్లాను మధ్యలో వంతెనలా వాడుకోండి. ఒకే టెంపోలో నాలుగైదు పాటలు నడిచాకే ఇలా దూకాలి. ప్రతి పాటకూ దూకితే ఎవరికీ ఊపు అందదు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో కూల్ హెర్క్ అనే డీజే ప్లే చేసిన పార్టీని హిప్-హాప్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఆ పార్టీ పెట్టింది ఆయన చెల్లెలు సిండీ, బడి తెరిచే వేళకు కొత్త బట్టలు కొనుక్కోవడానికి. డ్యాన్సర్లు పాటంతా ఊరికే నిలబడి, డ్రమ్స్ బ్రేక్ రాగానే విజృంభిస్తున్నారని హెర్క్ కనిపెట్టాడు. ఆ బ్రేక్‌నే రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీశాడు. ఆ విద్యంతా ఎదుటివాళ్ళ కాళ్ళు చూడటంలోంచే వచ్చింది. మీ తరవాతి పార్టీలో ప్రతి రెండు పాటలకోసారి తల ఎత్తి చూడండి. ఎవరు పెదవి కదుపుతున్నారు, ఎవరు ఫోను తీశారు, అంచున ఎవరు నిలబడి ఉన్నారు? అంచున ఉన్నవాళ్ళు లోపలికి అడుగేసిన పాట పేరు రాసిపెట్టుకోండి.

అప్పు మాత్రం వద్దు. మీరనుకున్న సరంజామా బుకింగులు తెచ్చిపెట్టదు. చాలా క్లబ్బుల్లో ప్లేయర్లు, మిక్సర్ వాళ్ళవే ఉంటాయి. డీజే తీసుకెళ్ళేది హెడ్‌ఫోన్స్, ఒకే లైబ్రరీ ఎక్కించిన రెండు యూఎస్‌బీలు. ఒకటి మొరాయిస్తుంది కనుకే రెండు. స్క్రాచ్ సాధనకు మీ దగ్గరున్న ఒక్క టర్న్‌టేబుల్ చాలు, బీటు ఫోనులోంచి రావచ్చు. అందులో సూది ఎగురుతుంటే కొత్త యంత్రం కొనే ముందు బల్ల సమంగా ఉందో లేదో, సూది అరిగిందో లేదో, కార్ట్రిడ్జ్ (సూది బిగించే తల) తయారీదారు చెప్పిన బరువు పెట్టారో లేదో చూసుకోండి. స్క్రాచ్ కార్ట్రిడ్జ్‌కు అది మామూలుగా 3, 4 గ్రాములు ఉంటుంది. యాంటీ-స్కేట్ (సూది లోపలికి జారకుండా బయటికి లాగే మీట) సున్నా మీద పెట్టి చూడండి. స్లిప్‌మ్యాట్ (రికార్డు కింద వేసే గుడ్డ) జిడ్డుగా ఆగుతుంటే కింద పల్చటి ప్లాస్టిక్ రేకు గుండ్రంగా కోసి వేస్తే జారుతుంది. చేతిలో డబ్బుంటే ఎవరో వాడి అమ్మే రెండు ఛానెళ్ళ కంట్రోలర్ (కంప్యూటర్‌తో రెండు పాటలను కలిపే పెట్టె) ఒకటి కొనుక్కుని మిక్సింగ్ దాని మీద నేర్చుకోండి. రెండో టర్న్‌టేబుల్ డీజేయింగ్‌లో సంపాదించిన డబ్బుతో కొందురు గాని.

పాటల ఫైళ్ళ విషయంలో పిసినారితనం పనికిరాదు. వీడియో సైట్ల నుంచి లాగినవి ఇంట్లో బాగానే ఉంటాయి, పెద్ద స్పీకర్లలో గుడ్డ కప్పినట్టు వినిపిస్తాయి. 320 కేబీపీఎస్ నాణ్యతవి లేదా కుదించని ఫైళ్ళు కొనండి. చందా కట్టి పాటలు దించుకునే డీజేల రికార్డ్ పూల్‌లో చేరితే ముందు ఉత్త బీటు ఉండే ఎడిట్‌లు, బూతులు తీసేసిన క్లీన్ వెర్షన్లు దొరుకుతాయి. పిల్లలూ పెద్దలూ ఉన్న చోట బూతు వెర్షన్ ఒక్కటి వెళ్ళినా మళ్ళీ ఫోను రాదు. కాబట్టి క్లీన్, డర్టీ వేర్వేరు ఫోల్డర్లలో పెట్టుకోండి. మిక్సర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే శబ్దం పెరగదు, చిట్లుతుంది. గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే శబ్దం స్థాయి) తగ్గించి, ఇంకా కావాలంటే ఆంప్లిఫయర్ దగ్గర పెంచమనండి.

ఉద్యోగం మానడం గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం: ఇప్పుడు కాదు. వారాంతపు పని కోసం వారమంతా ఖాళీగా కూర్చుంటే మీకు మిగిలేది సాధన కాదు, దిగులు. రోజూ 45 నిమిషాలు చాలు: 15 స్క్రాచ్, 15 రెండు పాటల మధ్య కోతలు, 15 కొత్త పాటలు విని క్యూలు పెట్టడం. స్క్రాచ్, టిక్‌టిక్‌మని లయ చెప్పే మెట్రోనోమ్ 80 దగ్గర తప్పు లేకుండా వచ్చాకే 85కి వెళ్ళండి. వేగంగా తప్పు చేస్తే చేతికి అదే అలవాటవుతుంది.

పిలుపులు స్క్రాచ్‌ను చూసి వచ్చేవి తక్కువ. మొదటి పిలుపు తెలిసినవాళ్ళ ద్వారా వస్తుంది, రెండోది మీరు వేళకు వచ్చి, గొడవ లేకుండా పనిచేస్తే వస్తుంది. పేరున్న డీజేకు ముందు ఓపెనింగ్ సెట్ ఇస్తే హిట్లన్నీ మీరే కాల్చేయకండి. శబ్దం కాస్త తక్కువగా, టెంపో కిందుగా ఉంచి, గదిని నింపి ఆయనకు అప్పజెప్పండి. వేదిక నడిపేవాళ్ళు ఇది గమనిస్తారు. ప్రతి బుకింగుకీ మొదలయ్యే, ముగిసే వేళలు, సామాను ఎవరిది, ప్రయాణం ఖర్చు ఎవరిది, అదనపు గంటకు ఎంత, ఇవన్నీ మెసేజ్‌లోనైనా రాతలో తీసుకోండి. సగం అడ్వాన్స్, మిగతాది సెట్ మొదలుకాకముందే. తెల్లవారుజామున మూడింటికి డబ్బు అడగడం ఎవరికీ కలిసిరాదు.

ఇక నాన్నగారు. మీ ఉత్తరంలో ఆయన హిప్-హాప్‌ను తిట్టినట్టు ఎక్కడా లేదు. ఉద్యోగం వదిలేస్తాను, అప్పు చేస్తాను అనే రెండు మాటలు విన్నాకే నోరు మూసుకున్నారు. ఆ రెండూ వెనక్కి తీసుకున్నానని వెళ్ళి చెప్పండి. ఒప్పించడానికి కూర్చోవద్దు, లెక్క చూపించడానికి కూర్చోండి. 18 నెలల గడువు అడగండి. ఆరు నెలలకు రెండు రికార్డు చేసిన మిక్స్‌లు, ఏడాది తిరిగేసరికి నెలకు డబ్బిచ్చే బుకింగులు రెండు, వాటిలో సగం ఇదివరకు పిలిచినవాళ్ళవి. డీజేయింగ్ జమాఖర్చులకు వేరే ఖాతా తెరిచి, నెలాఖరున ఆ పుస్తకం ఆయన ముందు పెట్టండి, ఆయన చూడకపోయినా సరే. వరసగా ఆరు నెలలు బుకింగుల మీదే ఇంటి ఖర్చు నడిచి, మరో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నప్పుడు ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తండి. అంతదాకా రాకపోతే వారాంతపు డీజేగా ఉండిపోవచ్చు. అలా ఉన్న మంచి డీజేలు చాలామందే ఉన్నారు.

అమ్మగారి భయం తీసిపారేయదగ్గది కాదు. ప్లే చేసే రాత్రి చుక్క ముట్టనని ఆవిడకు మాటివ్వండి. మత్తులో బీటు జారిన సంగతి అందరికంటే ఆఖరున తెలిసేది డీజేకే కనుక అది మీ పనికీ మంచిదే. ఎక్కడ, ఎన్నింటిదాకా, ఎవరితో తిరిగొస్తారో రాసిపెట్టి వెళ్ళండి.

చెల్లి విషయం అన్నిటికంటే తేలిక. స్పీకర్లు తీసేసి హెడ్‌ఫోన్స్‌లోనే సాధన చేయండి. అప్పుడు గోడ దాటేది చెయ్యి రికార్డు మీద కొట్టే దెబ్బ, మిక్సర్ మీట (ఫేడర్) టకటక మాత్రమే. బల్లను గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు వేస్తే అవీ చాలావరకు ఆగుతాయి. ఆమె చదువుకునే వేళలు అడిగి, మీ 45 నిమిషాలు వేరే వేళకు మార్చుకోండి. స్క్రాచ్ కనిపెట్టిన గ్రాండ్ విజార్డ్ థియొడోర్ చెప్పుకునేదేమిటంటే, పాట గట్టిగా పెట్టినందుకు తల్లి తలుపు దగ్గరికొచ్చి కేకలేస్తుంటే, ఆమె మాట వినడానికి రికార్డును చేత్తో ఆపి అటూ ఇటూ కదిపాడట, అలా పుట్టిందట ఆ శబ్దం. ఇది మీ చెల్లికి చెబితే నవ్వుతుందేమో, కానీ రబ్బరు ముక్కలు వేశాకే చెప్పండి.