పురుగుమందు పోయిందని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

స్ప్రేయర్లు కడిగిన నీటిలోని క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందును టైటానియం డయాక్సైడు పొడితో, ఎండలో విచ్ఛిన్నం చేయాలనుకుంటున్నట్టు నువ్వు రాసిన ఉత్తరం అందింది. పూనుకున్న పని మంచిదే. అయితే ఈ పనిలో మందు లెక్కలోంచి మాయమవడం తేలిక, అది నిజంగా విరిగిందని చూపడమే కష్టం.

లీటరుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతానన్నావు. ఆ మందు నీటిలో లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాములకు మించి కరగదు. మిగతాది బీకరు గోడకు అంటుకునో, కరగకుండా అడుగున చేరో ఉంటుంది. కరగడానికి మిథనాల్ కలుపుదామని నీకు తోచవచ్చు గానీ, వెలుగు పడ్డప్పుడు పొడి మీద పుట్టి మందును విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను ఆ మిథనాలే ముందు తినేస్తుంది. అందుచేత లీటరుకు 1 మిల్లీగ్రాముకు దిగు.

నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. గంట తిరక్కుండా మందు దాదాపు అంతా పోయిందని సంబరపడి, తీరా వెలుగు తగలని బీకరు నమూనా చూస్తే అందులోనూ అంతే పోయింది. అనుమానం వచ్చి, నమూనాలోని పొడిని వడకట్టే సిరంజి ఫిల్టరును ఎసిటోనైట్రైల్ అనే ద్రావణితో కడిగితే, పోయిందనుకున్న మందంతా దానికే పట్టుకుని ఉంది. అందుకే ప్రతిసారీ మూడు బీకర్లు పెట్టు: పొడి లేకుండా వెలుగులో ఒకటి, పొడి వేసి చీకటిలో ఒకటి, రెండూ ఉన్నది ఒకటి. మందు పొడికి అంటుకునేంత అంటుకోవడానికి, వెలుగులో పెట్టే ముందు చీకటిలో అరగంట కలపమని అందరూ రాస్తారు, కానీ వరుస రీడింగులు నిలకడగా వచ్చేదాకా కలపడమే సరైన పద్ధతి.

మందు విరిగినా సంతోషించడానికి తొందరపడకు. దారిలో పుట్టే ఆక్సాన్ అనే పదార్థం అసలు మందుకంటే విషం, ఆ తరువాత వచ్చే ట్రైక్లోరోపిరిడినాల్ కూడా ఒక పట్టాన పోదు. ఒక్కో అణువులో మూడు క్లోరిన్ పరమాణువులు ఉన్నాయి కనుక, మందు పూర్తిగా విరిగితే 1 మిల్లీగ్రాము నుంచి దాదాపు 0.3 మిల్లీగ్రాముల క్లోరైడు నీటిలోకి రావాలి. బోరునీటిలో ముందే ఉన్న క్లోరైడులో ఈ కాస్త ఆనవాలు దొరకదు. పైగా అందులోని బైకార్బనేట్లు రాడికల్స్‌ను మింగుతాయి. కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్‌లో లెక్క తేల్చుకుని, ఆ తరువాతే పొలం నీటి జోలికి వెళ్లు.

ఎండ సంగతీ చెప్పాలి. టైటానియం డయాక్సైడులో అనటేజ్ అనే స్ఫటిక రూపం 388 నానోమీటర్ల లోపు కాంతికే స్పందిస్తుంది, అటువంటి కాంతి మన ఎండలో ఇరవయ్యో వంతుకు మించదు. మామూలు వెలుగుకే పనిచేసే పొడి తయారుచేశామంటూ మిథిలీన్ బ్లూ రంగు విరగడాన్ని రుజువుగా చూపేవారిని నేను నమ్మను. ఆ రంగు తానే వెలుగును పీల్చుకుని పొడికి ఎలక్ట్రాన్లు అందించగలదు, కాబట్టి రంగు విరిగినంత మాత్రాన పొడి ఆ వెలుగుకు పనిచేసినట్టు కాదు. నీ పరీక్ష నీ మందు మీదే జరగాలి.

చీకటి బీకరు రీడింగులు రాగానే పంపించు, ఫిల్టరు కడిగిన ద్రావణం లెక్కతో సహా.

నీ మాస్టారు