తేదీల కంటే ముందు వరుస

ప్రశ్న: ఉప్పల్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాను. మేస్త్రీ గారితో కూర్చుని తేదీలతో పట్టిక వేసుకున్నా పని వెనకబడుతూనే ఉంది. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఏ పని ముగిస్తే ఏ పని మొదలవుతుందో ముందు రాసుకుని, తేదీలు ఆ తరువాతే వేయాలి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 456:2000 ప్రకారం మామూలు సిమెంటుతో (ఓ.పి.సి.) వేసిన స్లాబును కనీసం 7 రోజులు తడపాలి, స్లాబును మోసే గోడలు లేదా దూలాల మధ్య దూరం 4.5 మీటర్లకు మించితే సెంట్రింగ్ ఆసరాలను సాధారణంగా 14 రోజుల వరకు తీయకూడదు కనుక, ఎంతమంది కూలీలను పెట్టినా ఆ గడువు తగ్గదు. ఇలా ఒకదానికొకటి ముడిపడిన పనుల వరుసలలో అన్నిటికంటే పొడవైనదే మీ ఇంటికి అసలు గడువు. మనుషులనూ లెక్కించండి, ఒకే ఎలక్ట్రీషియన్ రెండంతస్తులలోనూ ఒకే రోజున పైపులు బిగించలేరు, అవి బిగించకముందే ప్లాస్టరింగ్ చేయిస్తే గోడ మళ్ళీ పగలగొట్టవలసి వస్తుంది, ఆ నష్టం నిజంగా బాధాకరం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలకోసం అదనపు రోజులను విడిగా చూపించండి.