జ్వరం తగ్గాక తిండి సంగతి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

జ్వరం దిగి నాలుగు రోజులైనా ఒంట్లో సత్తువ లేదనీ, నోటికి ఏదీ సయించడం లేదనీ రాశావు. ముందుగా ఒక మాట చెబుతాను. వైరస్‌ను చంపే తిండి అంటూ ఏదీ లేదు. ఆ పని నీ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థది. ఆ పనిలో ఖర్చయిపోయినదాన్ని తిరిగి సమకూర్చడమే తిండి వంతు.

ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు 10 శాతం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆకలి చచ్చిపోతుంది కాబట్టి, శరీరం తన కండరాలనే కరిగించి వాటిలోని మాంసకృత్తులను వాడుకుంటుంది; మంచం పట్టి కదలకుండా ఉంటే ఆ నష్టం మరింత పెరుగుతుంది. మీ పెదనాన్నగారికి ఇలాంటి జ్వరమే వచ్చినప్పుడు, తేలికగా అరగాలన్న పట్టుదలతో పది రోజులపాటు పలచని గంజి తప్ప మరేమీ పెట్టలేదు. పదకొండో రోజున ఆయన చెయ్యెత్తితే గడియారం మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారింది, కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించవలసి వచ్చింది. ఆ పొరపాటు పూర్తిగా నాదే.

అందుచేత నువ్వు ముందుగా చూసుకోవలసింది మాంసకృత్తులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు చాలు గానీ, జబ్బు నుంచి కోలుకునేవారికి 1.2 గ్రాముల వరకూ అవసరం కావచ్చు. అంటే 60 కిలోల మనిషికి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే కాబట్టి పాలు, పెరుగు, పప్పుధాన్యాలు, చేప, మాంసం, వీటిలో నీకు పడినవాటిని ప్రతి పూటా కొంచెం కొంచెంగా చేర్చుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఈ లెక్క పాటించకూడదు.

నిండు కంచం చూస్తేనే వెగటు పుడుతుంది కనుక, రెండు మూడు గంటలకొకసారి నాలుగు ముద్దలు తిను. వేడివేడి పదార్థాల వాసన కడుపులో తిప్పితే చల్లారనిచ్చి తిను, వాసన తగ్గుతుంది.

నీళ్ల విషయంలో మూత్రం రంగే కొలత: ముదురు పసుపుగా ఉంటే తాగింది చాలలేదు. విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ పొట్లం వాడు. అది దొరకనప్పుడు, శుభ్రమైన లీటరు నీటిలో చదునుగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపు. పేగుల్లో ఉప్పును పంచదారలోని గ్లూకోజు వెంటబెట్టుకుని లోపలికి తీసుకుపోతుంది, వాటి వెనుకే నీరూ పోతుంది. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చేతి అంచనాతో వెయ్యకు.

విటమిన్ సి మాత్రల గురించి అడిగావు. జలుబు మొదలయ్యాక వాటిని మింగడం వల్ల చెప్పుకోదగ్గ లాభం పరీక్షల్లో కనిపించలేదు. పండు తిను, డబ్బు మిగుల్చుకో. మద్యం జోలికి పోవద్దు.

తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లు. అది తిండితో తీరే సంగతి కాదు.

వారానికొకసారి ఉదయం ఒకే వేళకు బరువు చూసుకుని నాకు రాస్తూ ఉండు.

ఇట్లు,
మీ పెద్దమ్మ