డ్రాఫ్ట్‌లో పేరొచ్చినా విమానం ఎక్కరెందుకు?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక జట్టు ఎంచుకున్నాక కూడా కొందరు యూరప్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు రెండు మూడేళ్లు అక్కడే ఆడుతున్నారు. వచ్చిన అవకాశాన్ని పోగొట్టుకున్నట్టే కదా?

జవాబు: కాదు. డ్రాఫ్ట్ అంటే ఉద్యోగం కాదు. ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఒక జట్టుకు దక్కడం, అంతే. అతను యూరప్‌లో ఉన్నా ఆ హక్కు జట్టు చేతిలోనే ఉంటుంది. అర్జెంటీనా ఆటగాడు మాను జినోబిలిని శాన్ ఆంటోనియో జట్టు 1999లో 57వ స్థానంలో ఎంచుకుంటే, ఇటలీలో ఆడి 2002లో గానీ వెళ్లలేదు.

డ్రాఫ్ట్‌లో ఎంపిక రెండు రౌండ్లుగా జరుగుతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఏ రౌండ్ అన్నది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాళ్లకు స్థానాన్ని బట్టి ముందే ఖరారైన జీతం పట్టిక ఉంటుంది. తొలి రెండేళ్లకు గ్యారంటీ, తర్వాతి రెండేళ్లు జట్టు ఇష్టం. రెండో రౌండ్‌కు ఆ పట్టిక లేదు. కనీస జీతంతో, గ్యారంటీ లేని ఏడాది ఆఫర్ చూపించినా జట్టుకు హక్కు నిలుస్తుంది. లేదా టూ-వే కాంట్రాక్టు ఇస్తారు. అందులో కొత్త ఆటగాడి కనీస జీతంలో సగమే వస్తుంది. 2024-25లో అది 5,78,577 డాలర్లు. ఎన్‌బీఏ మ్యాచ్‌లు 50కి మించవు, మిగతా కాలం ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్ అయిన జి లీగ్‌లోనే. యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ అయిన యూరోలీగ్‌లో పెద్ద క్లబ్బుకు ప్రధాన ఆటగాడిగా ఉన్నవాడికి ఇది వెనకడుగే.

మొదటి రౌండ్ వాళ్లకూ ఆగితే లాభం ఉండొచ్చు. డ్రాఫ్ట్ జరిగి మూడేళ్లు గడిస్తే ఆ జీతం పట్టిక వర్తించదు. 2014లో 27వ స్థానంలో ఎంపికైన బొగ్దాన్ బొగ్దానోవిచ్ తుర్కియే క్లబ్బు ఫెనర్‌బాచేలో ఆడుతూ ఆగాడు. 2017లో యూరోలీగ్ గెలిచి, శాక్రమెంటోతో మూడేళ్లకు 2.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అయితే గాయపడితే ఈ లెక్కంతా తలకిందులే.

ప్రశ్న: ఎంతైనా ఎన్‌బీఏ జీతమే ఎక్కువ కదా?

జవాబు: కాగితం మీది అంకె కాదు, చేతికి ఎంత వస్తుందో చూడాలి. యూరప్‌లో చాలా ఒప్పందాలు పన్ను పోగా మిగిలే మొత్తం మీదే రాసుకుంటారు. ఇల్లు, కారు తరచూ క్లబ్బే ఇస్తుంది. అమెరికాలో పై శ్లాబులో ఫెడరల్ పన్నే 37 శాతం. మ్యాచ్ ఆడిన చాలా రాష్ట్రాలు తమ వంతు పన్ను అడుగుతాయి. ఏజెంటుకు 4 శాతం దాకా పోతుంది. లీగ్ కూడా ఆదాయం లెక్కలు తేలేదాకా జీతంలో కొంత ఎస్క్రో కింద పట్టి ఉంచుతుంది.

అసలు చిక్కు బయ్‌అవుట్‌తో. పాత క్లబ్బుతో ఒప్పందం మిగిలి ఉంటే విడుదల సొమ్ము కట్టాలి. ఎన్‌బీఏ జట్టు తన శాలరీ క్యాప్‌కు (జట్టు మొత్తం జీతాలపై ఉండే పరిమితికి) తగలకుండా ఇవ్వగలిగే మొత్తానికి పరిమితి ఉంది. అది పది లక్షల డాలర్ల లోపే. మిగతాది ఆటగాడి జేబులోంచే. 2009లో అయిదో స్థానంలో ఎంపికైన రికీ రుబియో 2011 దాకా మిన్నెసోటా జట్టులో చేరకపోవడానికి ప్రధాన కారణం ఇదే. అందుకే 17, 18 ఏళ్లకే క్లబ్బుతో సంతకం చేసేటప్పుడు, ఏ సంవత్సరం ఎంత కట్టి బయటపడొచ్చో అంకెతో సహా రాయించుకోవాలి.

ప్రశ్న: డ్రాఫ్ట్‌కు పేరు ఎప్పుడివ్వాలి?

జవాబు: 19 నిండే క్యాలెండర్ సంవత్సరం నుంచి ఇవ్వొచ్చు. డ్రాఫ్ట్‌కు కనీసం 60 రోజుల ముందు పేరు చేరాలి. వెనక్కి తీసుకోవాలంటే పది రోజుల ముందు వరకే గడువు. 22 నిండే సంవత్సరంలో పేరు దానంతటదే చేరుతుంది. అప్పుడూ ఎవరూ ఎంచుకోకపోతే ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు. రెండో రౌండ్ చివర్లో ఎంపికై ఒకే జట్టుకు కట్టుబడటం కన్నా, తన స్థానంలో ఖాళీ ఉన్న జట్టును ఎంచుకోవడం చాలాసార్లు మేలు.