నీ తోట మరీ శుభ్రంగా ఉంది

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన తోట ఫొటోలన్నీ చూశాను. కళ్లజోడు పెట్టుకుని, పెద్దవి చేసి మరీ చూశాను. పూలు బావున్నాయి. "ఇన్ని పూలు పూయిస్తున్నా ఒక్క సీతాకోకచిలుక కూడా రాదేం పెద్దమ్మా, నీ చిన్నప్పుడు ఇలాగే ఉండేదా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగంలో నిన్నెవరో పిలుస్తారు, మిగతాది గాలికి పోతుంది. అందుకే రాస్తున్నా.

లేదమ్మా, ఇలా ఉండేది కాదు. నాకు వయసు మీదపడి పాతకాలం గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకు, కొలిచి చూసినవాళ్లున్నారు. జర్మనీలో కీటకాల మీద ఇష్టం ఉన్న కొందరు 1989 నుంచి 2016 వరకు, 63 చోట్ల గుడారాల్లాంటి వలలు కట్టి, వాటిలో పడిన ఎగిరే పురుగుల్ని తూకం వేస్తూ వచ్చారు. ఆ 27 ఏళ్లలో తూకం నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. అవేమీ రోడ్ల పక్క జాగాలు కావు, ప్రకృతి కోసమని కాపాడుతున్న చోట్లు. అమెరికాలో 554 రకాల సీతాకోకచిలుకల లెక్కలు కూడితే, 2000 నుంచి 2020 లోపల వాటి సంఖ్య 22 శాతం తగ్గిందని 2025లో తేలింది. అంటే అయిదింటిలో ఒకటి కంటే ఎక్కువే మాయమైంది. పొలాల మందులు, ఖాళీ జాగాలు కరిగిపోవడం, ఎండలూ వానలూ గతి తప్పడం, అన్నీ కలిసి చేసిన పని ఇది. వాటిలో చాలావరకు నీ చేతిలో లేవు. పెరడు మాత్రం నీ చేతిలో ఉంది కాబట్టి దాని సంగతే మాట్లాడుకుందాం.

నీ ఫొటోల్లో నాకు మొదట కనిపించింది ఏమిటో తెలుసా? ఒక్క ఆకుకీ చిల్లు లేదు. అక్కడే తేడా ఉంది.

నా తప్పు ఒకటి చెబుతాను. నా నిమ్మచెట్టు లేత ఆకుల మీద నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో, అచ్చం పిట్ట రెట్టలా ఉండే చిన్న పురుగులు వచ్చేవి. నాలుగు రోజులు పోయేసరికి ఆకుపచ్చగా, లావుగా తయారై చిగుళ్లన్నీ మేసేసేవి. నేను రోజూ పొద్దున్నే వాటిని ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేదాన్ని. ఒకటి రెండు కాదు, ఏళ్ల తరబడి అదే పని. పైగా సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుని, ఈమధ్య సీతాకోకచిలుకలు కనిపించడం లేదని వాపోయేదాన్ని. ఒకసారి కాలు విరిగి నెలన్నర మంచం పట్టాను. లేచి వెళ్లి చూస్తే నిమ్మచెట్టు సగం బోడిగా ఉంది. దాని చుట్టూ నలుపూ పసుపూ మచ్చల సీతాకోకచిలుకలు అయిదారు తిరుగుతున్నాయి. డబ్బాలో నేను ముంచి చంపింది వీటి పిల్లల్నే! అంతకుముందు తెలీదా అంటే పుస్తకంలో చదివి తెలుసు. కానీ చదివింది చేతి దాకా రాలేదు. చెట్టు మాత్రం చావలేదు, కొన్ని వారాల్లో కొత్త చిగుళ్లు వేసింది.

అమ్మడూ, పూలు వాటికి దారిలో ఆగి దాహం తీర్చుకునే చోటు మాత్రమే. పిల్లల్ని పెట్టాలంటే ఆకు కావాలి. ఆకుల్లోనూ ఏదో ఒకటి సరిపోదు. తల్లి ఆకు మీద వాలి ముందుకాళ్లతో దరువేసినట్టు తడుతుంది చూడు, కాళ్లతోనే అది ఆకు రుచి చూస్తుంది. తన రకానికి సరిపోయే చెట్టయితేనే గుడ్డు పెడుతుంది. నిమ్మ, నారింజ, కరివేపాకు మీద ఇందాక చెప్పిన రకమూ, దాని చుట్టాలూ పెరుగుతాయి. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కలకు నల్ల అంచులున్నవి. గన్నేరు మీద ముదురు గోధుమరంగువి. వాటి ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారేముందు కదలకుండా ఉండే గూడు) చూడాలి నువ్వు, వెండి పూత పూసినట్టు మెరుస్తూ వేలాడుతుంది. రేల, తంగేడు జాతి చెట్ల మీద లేత పసుపువి. ఆముదం మొక్క మీద ఇంకో రకం. వీటిలో ఒక్కటైనా నీ దగ్గర ఉందా? కరివేపాకు ఉంది, కానీ దాన్ని తళతళలాడించి పెట్టావు. (జిల్లేడు, గన్నేరు, ఆముదం గింజ విషం. చిన్నపిల్లలు వచ్చే ఇల్లు కాబట్టి వాటిని అందని మూలన పెట్టు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు.)

నువ్వు చేయాల్సిందల్లా ఇది. కరివేపాకుకు తోడు ఇంకో రెండు కుండీల్లో అవే మొక్కలు, లేదా నిమ్మ పెట్టు. ఒకటి నీది, రెండు వాళ్లవి. నీ మొక్క మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తుంచి వాళ్ల కుండీలో పెట్టు. వేరే జాతి మొక్క మీద పడేస్తే అది తినదు, ఆకలితో చస్తుంది. అయిదారు ఆకులున్న పసిమొక్కను మాత్రం కాపాడుకో, దాన్ని బోడి చేయనిస్తే తట్టుకోలేదు. ఇంకో సంగతి, తిండి అయ్యాక పురుగు చాలాసార్లు చెట్టు దిగి ఎటో వెళ్లిపోతుంది. పక్క కొమ్మ మీదో, గోడకో, కుండీ అంచుకో నడుముకు దారం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. ఎండిన ఆకులాగే ఉంటుంది. నువ్వు కత్తెర పట్టుకుని నెలనెలా కంచె సమంగా కత్తిరిస్తున్నావు కదా, అందులో ఎన్ని పోయుంటాయో.

రాలిన ఆకులు కాల్చడం కూడా మానెయ్. ఒక మూల కుప్పగా ఉండనీ. చూసేవాళ్లు బద్ధకం అంటారు, అననీ.

ఇక మందులు. "నేను కెమికల్ కొట్టను పెద్దమ్మా, వేపనూనె ఒక్కటే" అని గర్వంగా చెప్పావు. వేపలో ఉండే పదార్థం పురుగు కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది, అందుకే అది పని చేస్తుంది. నీకు నచ్చని పురుగుకీ, నీకు కావాల్సిన సీతాకోకచిలుక పిల్లకీ తేడా దానికి తెలియదు. జీవసంబంధమైన మందు అని అమ్మే బ్యాక్టీరియా పొడి ఉందే, గొంగళిపురుగుల కోసం, అదీ అంతే. సహజం అన్న మాట సీసా మీద ఉన్నంత మాత్రాన టెన్షన్ లేకుండా కొట్టేయకు. పేనుబంక పడితే గట్టిగా నీళ్ల ధార కొట్టు. పోకపోతే వారం ఓపిక పట్టు, అక్షింతల పురుగులు వాటంతట అవే వచ్చి తింటాయి. మరీ తప్పదనుకుంటే పూత లేని కొమ్మ మీద మాత్రమే, పొద్దుగూకాక, తేనెటీగలు వెళ్లాక కొట్టు.

కొత్తగా కొన్న మొక్కల సంగతి ఇంకా ఇబ్బంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు మట్టిలో వేస్తే వేళ్ల ద్వారా మొక్క అంతా పాకి, పువ్వులో తేనెలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. నెలల తరబడి ఉంటాయి కూడా. 2018లో యూరోపియన్ యూనియన్ ఆ కుటుంబంలోని మూడు మందుల్ని ఆరుబయట వాడకూడదని నిషేధించింది. తేనెటీగల కోసం పెట్టిన పువ్వే వాటికి విషం అయితే ఏం లాభం? నర్సరీలో అడుగు. సరైన జవాబు రాకపోతే గింజ నుంచో, తెలిసినవాళ్ల దగ్గర కొమ్మ తెచ్చో పెంచుకో. ఆలస్యమవుతుంది, అయితే అవనీ.

పూల ఎంపికలోనూ పొరపాటు పడ్డావు. నీ తోటలో అన్నీ ముద్దబంతులూ ముద్దమందారాలే. ముద్దపువ్వులో ఎక్కువ రెక్కలు ఎక్కడ నుంచి వచ్చాయనుకున్నావు? మందారంలో పుప్పొడి ఇవ్వాల్సిన కేసరాలే, బంతిలో మధ్యన ఉండాల్సిన బుల్లి పూలే రెక్కలుగా మారాయి. పుప్పొడి పెద్దగా ఉండదు, ఉన్న కాస్త తేనె చేరడానికి దారి ఉండదు. కంటికి విందే కానీ తేనెటీగకు ఉపవాసం. ఒంటిరెక్క రకాలు పెట్టు. ఒక్కో మొక్క ఒక్కో చోట కాకుండా ఒకే రకం గుంపుగా, ఎండ తగిలే చోట వెయ్. ఒళ్లు వెచ్చబడితే కానీ సీతాకోకచిలుక ఎగరలేదు. తులసి వెన్నులు, కొత్తిమీర పూత తుంచకుండా కొన్ని వదిలి చూడు, ఎన్నెన్ని రకాలు వాలతాయో.

గుమ్మడి పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని ఎరువు వేశానన్నావు. అది ఎరువు లోపం కాకపోవచ్చు. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది. తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ కాస్త సమయంలో తేనెటీగ రాకపోతే పిందె రాలుతుంది. ప్రస్తుతానికి మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, పొద్దున్నే ఆడపువ్వు మధ్యలో అద్దు. టమాటా, వంకాయ పూలది ఇంకో తమాషా. వాటి పుప్పొడి సన్నని గొట్టాల్లో ఉంటుంది, గట్టిగా అదిరితేనే రాలుతుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని జుయ్‌మని ఒళ్లదిరిస్తుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదలు లేని చోట ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ తొడిమకు ఆనించి అదిరిస్తున్నారట, నవ్వొచ్చినా పని చేస్తుంది. నాకు మాత్రం ఒక ఎండు మొద్దు మూలన పడేసి, తుమ్మెదను దాన్ని తొలుచుకోనివ్వడం సుఖం అనిపిస్తుంది.

తేనెటీగలూ, తుమ్మెదలూ, వాటి చుట్టాలూ అన్నీ కలిపితే ప్రపంచంలో 20,000కు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పట్టు పెట్టవు. ఒంటరిగా నేలలో బొరియ చేసుకుని గుడ్లు పెడతాయి. నువ్వు పెరడంతా టైల్స్ వేయించావు, మిగిలిన చోట ప్లాస్టిక్ షీటు పరిచావు. ఎండ తగిలే చోట ఒక చాపంత మట్టి తవ్వకుండా, కప్పకుండా వదలగలవా? గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్కలు పోతే కంగారు పడకు. అది కూడా తేనెటీగల చుట్టమే, గూటికి పరుపు పట్టుకెళ్లింది.

రాత్రిపూట తోటలో ఆ అలంకారం లైట్లు ఆపెయ్. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే చిమ్మటలు. దీపం కనపడితే అవి పువ్వును మర్చిపోయి దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోతాయి. ఒక పళ్లెంలో తడిమట్టి ఉంచు, మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం వాలతాయి. తేనె కలిపిన నీళ్లు మాత్రం పెట్టకు, వేరే పట్టుల జబ్బులు ఆ తేనెతో అంటుకుంటాయి.

ఒక నోటుబుక్ పెట్టుకో. బ్రిటన్‌లో 2010 నుంచి ఏటా వేసవిలో జనం ఒకచోట 15 నిమిషాలు కూర్చుని సీతాకోకచిలుకల్ని లెక్కపెడుతున్నారు. నువ్వూ వారానికోసారి ఎండ ఉన్న పూట అలా కూర్చుని ఎన్ని వచ్చాయో రాసుకో. మొదట్లో సున్నాలే రాస్తావు. సున్నా కూడా రాయాలి, దాటెయ్యకూడదు.

కరివేపాకు లేత ఆకు అంచున ఆవగింజ కంటే చిన్నగా, లేత పసుపు రంగు గుడ్డు కోసం చూస్తూ ఉండు. ఏదో ఒక పొద్దున ఆకు మీద పిట్ట రెట్ట కనిపిస్తుంది. తుడవకు. పుల్లతో మెల్లగా తాకు. తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటుగా వాసన కొట్టిందంటే, వెంటనే ఫొటో తీసి నాకు పంపు.

నీ
పెద్దమ్మ

తా.క.: మందులు వద్దన్నానని సీసాల్లో మిగిలింది సింకులోనో కాలవలోనో పొయ్యకు. మూత బిగించి పిల్లలకు అందకుండా పెట్టు, ప్రమాదకరమైన చెత్త విడిగా తీసుకునే చోట ఇచ్చేద్దాం.