రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు

బ్రిటిష్ రాక్ బృందం జెత్రో టల్ 1972లో వెలువరించిన ‘లివింగ్ ఇన్ ది పాస్ట్’ సంకలనం 2025లో విస్తరించిన రూపంలో మళ్ళీ వచ్చింది కదా, అందులోని రీమిక్స్‌కూ మామూలు రీమాస్టర్‌కూ తేడా ఏమిటన్నది ప్రశ్న.

రీమాస్టర్ చేసేవారు అప్పటికే కలిపి ఉన్న స్టీరియో టేపును శుభ్రపరిచి, మొత్తం ధ్వనిని మాత్రమే సరిచేస్తారు. రీమిక్స్ చేసే సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ వంటివారు గాత్రం, ఫ్లూట్, బేస్, డ్రమ్స్ విడివిడిగా నమోదైన మల్టీట్రాక్ టేపుల దగ్గరికే వెళ్ళి, వాటిని కొత్తగా కలుపుతారు. ఒక్కో పాటగా విడుదలైన సింగిల్స్, ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) పాటలు, 1970 నవంబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జరిగిన కచేరీ భాగాలు ఒకేచోట చేరిన ఈ సంకలనంలో ధ్వని ఒక్కో పాటకు ఒక్కోలా ఉండడం సహజమే.

తేడా తెలియాలంటే 1969 నాటి శీర్షిక గీతంలో, మన ఖండగతిని తలపించే అయిదు లెక్కల నడకను మోసే బేస్ గిటార్‌ను రెండు రూపాల్లోనూ వినండి.